నల్లరాయి కథ: ఉక్కుకు ప్రాణం - ఊపిరికి గండం

చీపురుపల్లి (మా విలేఖరి): చీపురుపల్లి నుంచి గరివిడి మీదుగా మెరకముడిదాం వైపు బస్సులో పోయేవారికి దారి పొడవునా మట్టి రంగు మారటం కనిపిస్తుంది. ఎర్రగా ఉన్న నేల అక్కడక్కడ మసిపూసినట్టు నల్లబడుతుంది. ఆ నల్ల చోట ఒక రాయి తీసి చూడండి. పరిమాణానికి మించిన బరువు. వేళ్ళకు కాటుక అంటినట్టు నలుపు అంటుతుంది. అదే మాంగనీసు ముడిఖనిజం. ఇక్కడివారు పేరు కూడా పూర్తిగా అనరు, ‘రాయి’ అంటే చాలు. ‘రాయి పనికి పోతున్నాడు’ అంటే గనికి పోతున్నాడనే అర్థం.

ఈ రాయి ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగించింది. ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేసింది. ఈ విలేఖరి ఇంటర్మీడియట్ చదువుకు ఫీజు కట్టింది కూడా ఈ రాయే. తండ్రి ఇరవై ఏళ్ళకు పైగా రాయి నలగ్గొట్టే షెడ్డులో పనిచేశాడు. ఆ సంగతి మరికాస్త ముందుకు పోయాక చెప్పవలసి ఉంది. ముందు రాయి సంగతి చూద్దాం.

దేశంలో మొదటి తవ్వకం ఇక్కడే

భారతదేశంలో మాంగనీసు తవ్వకం మొదలయింది మన నేలలోనే అన్న సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పటం లేదు. 1892లో విజయనగరం ప్రాంతంలో తవ్వకం ఆరంభమయింది. ఆ ఏడు తీసిన రాయి 674 టన్నులు. 1900 నాటికి అది 92 వేల టన్నులు దాటింది. తూర్పు తీరం రైలు పట్టాలు పడిన రోజులు కూడా అవే కావటం ఈ పెరుగుదలకు కలిసివచ్చింది. కోడూరు, గర్భాం, గరివిడి పేర్లు అప్పుడే విదేశాల పుస్తకాలకెక్కాయి.

పాత గ్రంథాల్లో దీన్ని ‘విశాఖపట్నం మాంగనీసు’ అని రాస్తారు. అది పొరపాటు కాదు. 1950 వరకు మన ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాయే. ఆ తర్వాత చీపురుపల్లి తాలూకా శ్రీకాకుళం జిల్లాలోకి పోయింది. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చింది. రాయి కదలలేదు, జిల్లా పేర్లే దాని మీదుగా కదిలిపోయాయి.

భూగర్భశాఖకు చెందిన ఫెర్మర్ అనే దొర ఈ గనులన్నీ తిరిగి చూసి, 1909లో భారతదేశపు మాంగనీసుపై పెద్ద గ్రంథం వెలువరించాడు. కోడూరులో కనిపించిన ఒక విచిత్రమైన రాతికి ఊరి పేరుమీదే ‘కోడూరైట్’ అని పేరు పెట్టాడు. ఇవాళ్టికీ భూగర్భశాస్త్రం చదివేవారు ఏ దేశంలో ఉన్నా ఈ పేరు నేర్చుకోవలసిందే. కోడూరు వాసుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో ఒకసారి అడిగి చూడవచ్చు.

విశాఖ రేవు కథ కూడా ఈ రాయితో ముడిపడినదే. 1933లో ప్రారంభమయిన ఆ ఓడరేవును కట్టటానికి ముఖ్య కారణం నాటి సెంట్రల్ ప్రావిన్సెస్ మాంగనీసును విదేశాలకు పంపటం. దానికోసమే రాయపూర్ నుంచి విజయనగరానికి రైలు మార్గం వేసి 1931 నాటికి పూర్తిచేశారు. నేడు దేశంలో మాంగనీసు తవ్వకంలో మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, ఒడిశా ముందున్నాయి. మన రాయిలో ఇనుము పాలు, భాస్వరం పాలు ఎక్కువ. అందుచేత మేలురకం కిందకు రాదు. పై దేశపు మేలురకం రాయితో కలిపి కొలిమికి వేస్తారు. తమాషా ఏమిటంటే, మాంగనీసు ఎగుమతికని కట్టిన విశాఖ రేవులోనే ఇప్పుడు దక్షిణాఫ్రికా వంటి దేశాల నుంచి మాంగనీసు దిగుమతి అవుతోంది.

గాజులా పగిలే లోహం

రాయి నుంచి ప్రాణవాయువును వేరుచేసి తీస్తే వచ్చేది మాంగనీసు లోహం. 1774లో స్వీడన్ దేశంలో షీలే అనే రసాయనవేత్త ఇది కొత్త మూలకమని గుర్తించగా, అతని మిత్రుడు గాన్ బొగ్గుతో కాల్చి లోహాన్ని తీశాడు. మూలకాల వరుసలో దీని సంఖ్య 25. ఇనుముది 26. అంటే పక్కపక్క ఇళ్ళవారన్నమాట. రెండూ పరివర్తన లోహాలనే వంశానికి చెందినవే. రంగు, బరువు కూడా ఇంచుమించు ఇనుము పోలికే. తడి తగిలితే తుప్పు పట్టే గుణమూ ఉంది. అయితే అయస్కాంతానికి అంటుకోదు. ఇనుము 1538 డిగ్రీల వద్ద కరిగితే ఇది 1246 డిగ్రీల వద్దే కరుగుతుంది.

(పదో తరగతి పిల్లలు దీన్ని మెగ్నీషియంతో కలిపేసి మార్కులు పోగొట్టుకుంటారు. పేర్లు పుట్టింది ఒకే మాట నుంచి కావచ్చు గాని రెండూ వేరు వేరు లోహాలు. మెగ్నీషియం తేలిక, తెల్లగా మండుతుంది.)

శుద్ధమైన మాంగనీసుతో ఒక మేకు కూడా చెయ్యలేరు. గట్టిదే, కాని సుత్తితో కొడితే కుండపెంకులా పగిలిపోతుంది. మరి ఇంత పనికిరాని లోహం కోసం ఇన్ని గోతులు ఎందుకు తవ్వారు? సమాధానం మీ ఇంటి శ్లాబులోనే ఉంది.

ఇనుపరాయిని బొగ్గుతో కరిగించినప్పుడు బొగ్గులోని గంధకం కొంత ఇనుములో చేరుతుంది. ఆ గంధకం ఇనుముతో కలిసి, లోహపు రేణువుల మధ్య పలుచని పొరలా పేరుకుంటుంది. ఉక్కును ఎర్రగా కాల్చి కడ్డీలుగా సాగదీసే వేళ ఆ పొర కరిగిపోయి కడ్డీ పగుళ్ళిస్తుంది. మాంగనీసు వేస్తే గంధకం ఇనుమును వదిలి దానితో కలుస్తుంది. ఆ కలిసిన పదార్థం అంత వేడికి కరగదు, అందుచేత కడ్డీ పగలదు. కరిగిన ఉక్కులో మిగిలిన ప్రాణవాయువును కూడా ఇదే లాగేస్తుంది. 1856 ప్రాంతంలో ఇంగ్లండులో బెస్సిమర్ కొత్త పద్ధతిలో ఉక్కు తీస్తే అది పొడిపొడి అయిపోయేది. మషెట్ అనే ఆయన మాంగనీసు కలిసిన ఇనుమును చేర్చి ఆ లోపం సరిదిద్దాడు. అప్పటినుంచి మాంగనీసు లేనిదే ఉక్కు లేదు. ప్రపంచంలో తవ్వే మాంగనీసులో నూటికి సుమారు 90 పాళ్ళు ఉక్కు కర్మాగారాలకే పోతుంది. మనం ఇల్లు కట్టటానికి కొనే ఇనుప కడ్డీ క్వింటాలు ఉంటే అందులో ఇంచుమించు అరకిలో నుంచి కిలో వరకు మాంగనీసు ఉంటుంది.

మరో వింత చెప్పాలి. 1882లో షెఫీల్డ్ నగరంలో హాడ్‌ఫీల్డ్ అనే యువకుడు ఉక్కులో మాంగనీసు పాలు పెంచుకుంటూ పోయి నూటికి 12, 13 వద్ద ఆగాడు. వచ్చిన ఉక్కు అయస్కాంతానికి అంటదు. దెబ్బ కొట్టేకొద్దీ పైన గట్టిపడుతుంది, లోపల మాత్రం పగలని మెత్తదనం ఉంటుంది. కొట్టినకొద్దీ మొండికెత్తే పిల్లవాడి వంటిది. రైలు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట చక్రాల దెబ్బ తినే ముక్క, కంకర మిల్లులో రాయిని నమిలే దవడలు ఈ ఉక్కుతోనే పోస్తారు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైనికుల శిరస్త్రాణాలు కూడా దీనివే.

కొలిమిలో కరెంటు

ముడిరాయి నేరుగా ఉక్కు కర్మాగారానికి పోదు. మధ్యలో ఫెర్రో మాంగనీసుగా మారాలి. అందులో మాంగనీసు నూటికి 70 పైచిలుకు, మిగతాది చాలావరకు ఇనుము. గరివిడిలో 1950 దశకం చివర ఇందుకోసం కర్మాగారం వెలసింది. ఆ తర్వాత జిల్లాలో మరికొన్ని వచ్చాయి. రాయి, బొగ్గు, సున్నపురాయి వంటివి కొలిమిలో పోసి, తాటిమానంత లావున్న కర్బన స్తంభాలు మూడింటిని దింపి కరెంటు పారిస్తారు. టన్ను సరుకు తీయటానికి 2,500 నుంచి 3,000 యూనిట్ల వరకు విద్యుత్తు కావాలి. రెండు దీపాలు, ఒక పంఖా ఉన్న పేదవాడి ఇల్లు అంత కరెంటు కాల్చటానికి ఏళ్ళు పడుతుంది. అందుకే యూనిట్ ధర పెరిగిందంటే చాలు కొలిమి ఆరిపోతుంది, దానితో పాటు కార్మికుల ఇళ్ళలో పొయ్యీ. ఉక్కు ధర పడినా అంతే. గేటు మూయటం, తెరవటం, మళ్ళీ మూయటం ఈ ప్రాంతవాసులకు కొత్త కాదు.

టార్చి సెల్లు మొదలు పాముకాటు దాకా

టార్చిలైటు సెల్లు పగలగొట్టని కుర్రవాడు మన ఊళ్ళలో ఉండడు. లోపల నల్లటి కర్ర, దాని చుట్టూ నల్లపొడి. కర్ర బొగ్గు, పొడి మాంగనీసు డయాక్సైడు. 1866లో ఫ్రాన్సు దేశస్థుడు లెక్లాంషే కనిపెట్టిన విద్య అది. మన పెద్దలు ఆ పొడితో పలకలు నలుపు చేసుకున్న రోజులున్నాయి. ఇప్పుడు కొన్ని రకాల విద్యుత్తు కార్ల బ్యాటరీల్లోనూ మాంగనీసు వాడుతున్నారు.

ఊదారంగు పలుకుల పొటాషియం పర్మాంగనేటు కూడా దీని సంతానమే. కలరా వచ్చిన ఊళ్ళో బావినీళ్ళు గులాబీ రంగుకు తిరిగేదాకా ఈ పలుకులు వేయించేవారు. 1890లలో ఆగ్రాలో హాంకిన్ అనే డాక్టరు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఇప్పుడు ఆ పని బ్లీచింగ్ పౌడరు చేస్తోంది. ఒక హెచ్చరిక మాత్రం అవసరం. పాము కరిచినచోట కత్తితో గీసి ఈ పలుకులు రుద్దటం ఒకప్పుడు దొరల డాక్టర్లే చెప్పిన వైద్యం. అది విషాన్ని విరవదు సరికదా కండ కాలి పుండు పడుతుంది. పాముకాటుకు ఆసుపత్రిలో ఇచ్చే విషవిరుగుడు సూది తప్ప మరో మందు లేదు.

పైరుకూ ఇది కావాలి. ఆకు ఎండపొడను పట్టి నీటిని విడగొట్టి ప్రాణవాయువును వదిలే చోట నాలుగు మాంగనీసు పరమాణువులు కూర్చుని పనిచేస్తాయి. అది చాలని పైరులో లేత ఆకుల ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కుతుంది. సున్నం ఎక్కువైన ఇసుక నేలల్లో ఈ లోపం వస్తుంది. నీరు నిలిచే వరిచేలో అంతగా రాదు. పసుపు కనిపించగానే కొట్లో ఇచ్చిన డబ్బా కొట్టేయక, ఆకు తీసుకుపోయి వ్యవసాయాధికారికి చూపించటం మంచిది. జింకు లోపమూ, ఇనుము లోపమూ ఇంచుమించు ఇలాగే కనిపించి రైతును మోసం చేస్తాయి.

తింటే మేలు, పీలిస్తే కీడు

మనిషికి కూడా రోజుకు 2 మిల్లీగ్రాముల వరకు మాంగనీసు అవసరం. చోడి అంబలి, బియ్యం, పప్పులు, టీ నీళ్ళు దాన్ని ఇచ్చేస్తాయి. తిన్నది ఎక్కువైతే కాలేయం పైత్యరసంతో బయటికి నెట్టేస్తుంది. అసలు చిక్కు ముక్కు దారిన వస్తుంది. మెత్తటి పొడి, కొలిమి పొగ ఊపిరితిత్తుల గుండా నేరుగా రక్తంలో కలుస్తాయి, కాలేయపు కాపలా తప్పించుకుని మెదడుకు చేరతాయి. అక్కడ, కాళ్ళూ చేతులను అదుపుచేసే చోట తిష్ఠ వేస్తాయి.

ఈ జబ్బును మొదట గుర్తించి రాసింది 1837లో. గ్లాస్గో నగరంలో బ్లీచింగ్ పౌడరు తయారీకి నల్ల మాంగనీసు పొడి నూరే కూలీలను కూపర్ అనే వైద్యుడు చూశాడు. కాళ్ళలో సత్తువ తగ్గటం, నడుం ముందుకు వంగిపోవటం, మాట గొణుగుడులోకి దిగటం, ముఖంలో కవళికలు పోవటం, నోటి నుంచి చొంగ కారటం. ఇవీ ఆయన చూసిన లక్షణాలు. తర్వాతి వైద్యులు మరి కొన్ని చేర్చారు. తొలిరోజుల్లో కారణం లేని కోపం, నవ్వు, నిద్రపట్టకపోవటం. ముదిరాక కాలివేళ్ళ మీద కోడి నడకలాంటి నడక. వెనక్కి నడవమంటే పడిపోవటం. ముసలితనంలో వచ్చే వణుకుజబ్బును పోలి ఉంటుంది గాని, ఆ జబ్బుకిచ్చే మందులు దీనికి అంతగా పనిచేయవు. తొలి దశలో పని మాన్పిస్తే కొంత తిరగవచ్చు. ముదిరితే మనిషి తిరిగి మునుపటి మనిషి కావటం కష్టం.

ఈ విలేఖరి తండ్రి రాయి నలగ్గొట్టే చోట పొడి మేఘంలా లేచేది. అది ఏ షెడ్డో ఇక్కడ అప్రస్తుతం. ముక్కుకు తుండుగుడ్డ తప్ప మరొకటి ఎవరూ ఇచ్చినట్టు ఆయనకు గుర్తు లేదు. సాయంత్రం ఇంటికొచ్చి నూతి దగ్గర దగ్గితే నల్లగా పడేది. యాభై దాటాక అడుగు తడబడటం మొదలయింది. గొంతు సన్నబడింది. మనవడు ఎదురొచ్చినా ముఖంలో నవ్వు కనబడదు, నవ్వుతున్నానంటాడు. ఊళ్ళో వాతం అన్నారు. పట్నం ఆసుపత్రిలో నరాల బలహీనత అన్నారు, బిళ్ళలు రాశారు. మాంగనీసు వల్లేనని ఎవరూ చెప్పలేదు. కాదనీ చెప్పలేదు. ఏం పని చేశావయ్యా అని అడిగినవారే లేరు. మనమూ చెప్పలేదు. చెప్పాలని తెలియలేదు.

చెప్పటం ఎందుకు ముఖ్యమంటే, మాంగనీసు విషం చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి. గనుల చట్టం కింద 1952లోనే దీన్ని నోటిఫై చేశారు. కర్మాగారాల చట్టపు జాబితాలోనూ చేర్చారు. ఈ జబ్బును గుర్తించిన వైద్యుడు పై అధికారులకు తెలియజేయాలి. పనివల్ల వచ్చినదని తేలితే నష్టపరిహారం పొందే హక్కు కార్మికునికి ఉంది. అయితే పని మానిన ఎన్నో ఏళ్ళకు రక్తపరీక్ష చేయిస్తే ఏమీ కనిపించదు. పనిలో ఉండగా, లేదా మానిన కొద్ది నెలల్లో మెదడుకు ఎమ్మారై తీస్తే జాడ తెలిసే అవకాశం ఉంది. కనుక ఎన్నేళ్ళు చేశాడు, రాయి దగ్గరా, కొలిమి దగ్గరా, వెల్డింగా (వెల్డింగ్ కడ్డీ పొగలోనూ మాంగనీసు ఉంటుంది) అన్నది ఆసుపత్రి చీటీ మీద రాయించుకోవటం అవసరం. హాజరు కార్డులు, జీతం చీటీలు, పీఎఫ్ కాగితాలు పారేయకూడదు. మా ఇంట్లో అవి 2014 హుద్‌హుద్ తుపానులో తడిసి ముద్దయ్యాయి.

నీటి సంగతి

పాత గోతుల్లో నిలిచిన నీరు చూడటానికి అద్దంలా ఉంటుంది. పశువులు తాగుతాయి, పిల్లలు ఈతకు దిగుతారు. గోతుల అంచు నిట్టనిలువు. లోతు తెలియదు. పట్టుకోవటానికి వేరు కూడా ఉండదు. ఈతకు దిగనివ్వకపోవటమే క్షేమం.

తాగే నీటిలో మాంగనీసు లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదని, మరో ఆధారం లేనిచోట 0.3 వరకు సహించవచ్చని మన జాతీయ ప్రమాణం చెబుతోంది. బోరునీళ్ళు పట్టిన బిందె అడుగున ఎర్ర మరక పడితే ఇనుము, నలుపో ముదురు గోధుమరంగో పడితే మాంగనీసు ఉందని అనుమానించవచ్చు. కాచినందువల్ల ఇది పోదు, నీరు ఇగిరి మరింత చిక్కబడుతుంది. గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. పంచాయతీ ద్వారా అడిగితే పని త్వరగా అవుతుంది.

డబ్బు లేదనటానికి కూడా వీల్లేదు. 2015లో సవరించిన గనుల చట్టం ప్రకారం ప్రతి జిల్లాలో ఖనిజ నిధి ఉండాలి. 2015 జనవరి 12కు ముందు లీజు పొందినవారు రాయల్టీలో 30 శాతం, ఆ తర్వాత వేలంలో పొందినవారు 10 శాతం చొప్పున అదనంగా ఈ నిధికి కట్టాలి. తాగునీరు, ఆరోగ్యం, చదువు వంటివాటికి, అదీ గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ళకే, ముందుగా ఖర్చుపెట్టాలని నిబంధన. మన ఊరికి ఎంత వచ్చింది, దేనికి పెట్టారు అని గ్రామసభలో అడగవచ్చు. లెక్క చెప్పించుకోవచ్చు. ఈ ప్రాంతంలో రాయి పని చేసినవారికి, చేసి మానినవారికి ఏడాదికొకసారి నరాల వైద్యుడితో శిబిరం పెట్టించటానికి ఆ నిధి చక్కగా సరిపోతుందని ఈ విలేఖరి అభిప్రాయం. శిబిరానికి వచ్చినవారిని వైద్యులు మొదట అడగవలసింది ‘ఏం పని చేసేవారు?’ అని.

మొన్న ఒక కుర్రవాడు పొలంలో దొరికిందని నల్లరాయి తెచ్చి మా తండ్రి చేతిలో పెట్టాడు. ఆయన కళ్ళతో చూడలేదు. అరచేతిలో రెండుసార్లు ఎగరేసి బరువు చూశాడు. వాకిట్లో పడున్న పింగాణీ పలక పగులు మీద గీశాడు. నల్లగీత పడితే మాంగనీసు, ఎర్రగీత పడితే ఇనుపరాయి. చెయ్యి వణకలేదు గాని గీత పూర్తికావటానికి చాలాసేపు పట్టింది. ఎర్రగా పడింది. ‘ఇది మన రాయి కాదురా’ అన్నాడు. రెండోసారి అడిగితే గాని ఆ మాట మాకు వినబడలేదు.